పొట్టిజొన్న వేసిన ఏడు

జొన్న చేను గొడ్డును చంపుతుందని పుస్తకంలో చదువుకుని, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నవాళ్ళం మాలో చాలామందిమి ఉన్నాం. కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది సార్ అని. పెద్ద ఆపరేషన్ ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఆ జొన్న చేను సంగతి చెబుతాను. అందులో నేను చేసిన వైద్యం కొంచెమే.

డెబ్బైల చివర్లో నన్ను ఉదయగిరికి వేశారు. ఆసుపత్రి అంటే రెండు గదులు, ముందు వేపచెట్టు, దాని కింద పశువును కదలకుండా నిలబెట్టే కర్రల చట్రం. మందులు ఆత్మకూరు నుంచి రావాలి. ఆత్మకూరుకు నెల్లూరు నుంచి రావాలి. అందువల్ల మా బీరువాలో ఏది లేదో గుర్తుపెట్టుకోవడం కన్నా ఏది ఉందో గుర్తుపెట్టుకోవడమే తేలిక.

బజారు వెనక ఒక ఇంట్లో నేనూ, వ్యవసాయశాఖ ఆఫీసరూ కలిసి అద్దెకుండేవాళ్ళం. పల్లెల్లో నన్ను గొడ్ల డాక్టరు అనేవాళ్ళు, ఆయన్ని విత్తనాల సారు అనేవాళ్ళు. ఆయనది గుంటూరు వైపు. గొంతు పెద్దది, మనసు మంచిది. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పి ఎదుటివాడిని ఒప్పించే రకం. సొంత కెమెరా ఒకటి ఉండేది. బాగా పండిన చేను కనబడితే రైతును చేలో నిలబెట్టి ఫోటో తీసి, బజారులో సాయిబుగారి స్టూడియోలో కడిగించి రైతుకే ఇచ్చేవాడు. వాళ్ళు దాన్ని పటం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించుకునేవాళ్ళు.

ఆయన అప్పుడు ఊరూరా హైబ్రిడ్ జొన్న వేయిస్తున్నాడు. నడుము ఎత్తు కూడా దాటని పైరు, దాని మీద ముద్దగా పెద్ద కంకి. రైతులు దానికి పొట్టిజొన్న అని పేరు పెట్టారు. మా ప్రాంతంలో అంతకుముందు వేసేది మనిషి మునిగేంత ఎత్తు పెరిగే నాటు జొన్న. దాని కంకి సన్నం, గింజ తక్కువ.

సీతారామపురం పోయే దారిలో, ఉదయగిరికి దగ్గర్లోనే, లోపలికి ఒక మెట్ట పల్లె ఉంది. విత్తనాల సారు మాట విని ఊరు ఊరంతా పొట్టిజొన్న వేసిన పల్లె అదొక్కటే. అందుకు కారణం ఆ ఊరి పెద్దాయన. అందరికన్నా ఎక్కువ భూమి ఆయనది, తగవులు తీరేది ఆయన అరుగు మీద. ముందు ఆయన వేశాడు, తర్వాత అందరూ వేశారు. భర్త పోయాక సొంతంగా సేద్యం చేసుకునే ఒక ఆమె కూడా వేసింది. ఊళ్ళో సగంమందికి ఆమె అక్క, మిగతా సగానికి వదిన. పెద్దాయన్ని మాత్రం ఆమె మామా అనేది. చుట్టరికం ఏమీ లేదు, ఊరి వరస.

ఆ మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చింది. గింజలు పోసుకోవడానికి ఇళ్ళలో చోటు చాలలేదు. పెద్దాయన కళ్ళంలో సారుకు కోడికూర భోజనం పెట్టించాడు, నన్నూ పిలిచాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. చొప్ప గురించి ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు. చొప్ప అంటే కంకి కోసుకున్నాక మిగిలే కాడ, మెట్ట ఊళ్ళలో ఎండాకాలమంతా గొడ్లకు అదే తిండి. పైరు పొట్టిదైతే చొప్ప కూడా పొట్టిదే. కళ్ళంలో గింజల రాశి అంత ఎత్తున కనబడుతుంటే పక్కనున్న చొప్ప వామి ఎంత ఉందో ఎవరు చూస్తారు?

వేసవి వచ్చేసరికి చూశారు. వాములు ముందే అయిపోయాయి. డబ్బున్నవాళ్ళు అనంతసాగరం వైపు నుంచి వరిగడ్డి బండ్లు తెప్పించుకున్నారు. లేనివాళ్ళు తుమ్మకాయలు ఏరారు, వేపమండలు, రావిమండలు కొట్టారు. నాగజెముడు మట్టల ముళ్ళు మంటలో కాల్చి ముక్కలు కోసి పెట్టినవాళ్ళున్నారు. అది ఎంత పెట్టవచ్చో, దానితో కలిపి ఏం పెట్టకపోతే గొడ్డు పారుకుంటుందో చెప్పడమే ఆ ఎండాకాలం నా ఉద్యోగం. కొందరు సంతకు తోలేశారు. ఊరందరికీ అక్కో వదినో అయిన ఆమెకు ఒక జత ఎద్దులుండేవి, దూడలప్పటినుంచి తనే పెంచినవి. సంతకు తోలమని అన్నదమ్ములు చెబితే విననేలేదు. తను ఉండే కొట్టం మీది పాత కసువు పీకి, దులిపి, ఉప్పునీళ్ళు చిలకరించి వాటికి పెట్టింది. నేను పోయేసరికి కొట్టం వాసాలతో మిగిలి ఉంది.

"ఎండకు నువ్వెట్టా ఉంటావమ్మా?" అన్నాను.

"నేను ఏ చెట్టు కిందన్నా ఉంటా సారూ. అవి కట్టేసిన చోటే ఉండాల గదా" అంది.

వాన ఒకటి ముందుగా పడింది. అందరూ మళ్ళీ జొన్నే వేశారు. విత్తనం చేతిలో ఉన్నది పొట్టిజొన్నే కాబట్టి అదే వేశారు. మోకాలెత్తు వచ్చాక వాన మొహం చాటేసింది. పైరు వాడి, ఆకులు చుట్టుకుపోయి, ఎదుగుదల ఆగిపోయింది. ఆ దశలో ఉన్న జొన్నలో విషం పుడుతుంది. ఆకలితో ఉన్న గొడ్డు కడుపునిండా మేస్తే లేవదు. నేను దండోరా వేయించాను, ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఎవరూ ఎదురు చెప్పలేదు, అది వాళ్ళకు తెలియని సంగతేమీ కాదు. గొడ్లను కట్టేసే ఉంచారు. ఎముకలు లెక్కపెట్టేటట్టు అయిపోయాయి.

ఇంతలో ఒక పెద్ద వాన పడింది. వారం తిరిగేసరికి ఎండిన మొదళ్ళనుంచి పచ్చగా పిలకలు లేచాయి. దూరం నుంచి చూస్తే అంత చక్కటి మేత ఇంకోటి లేదనిపిస్తుంది. వాన పడితే జొన్న విషం పోతుందని మా వైపు ఒక నమ్మకం. అది పూర్తిగా తప్పూ కాదు. పైరు బాగా ఎదిగి కంకి వేసే నాటికి పోతుంది. కానీ ఆ కొత్త పిలకల్లో మాత్రం ముందుకన్నా ఎక్కువే ఉంటుంది.

పెద్దాయన పదిరోజులుగా ఊళ్ళో లేడు. నెల్లూరులో కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లద్దాలతో ఆ పొద్దున మొదటి బస్సుకు దిగాడు. ఊళ్ళోకి నడిచి వస్తుంటే ప్రతి ఇంటిముందూ డొక్కలు ఎండిన గొడ్లు. ఒకవైపు తన చేను పచ్చగా ఊగుతోంది. ఆయన అరుగు కూడా ఎక్కకుండా నలుగురినీ పిలిచాడంట.

"వాన పడి వారమైంది గదరా, ఇంకా ఏంది మీరు గొడ్లను మాడ్చేది? మీ చేలు మీరు దాచుకోండి, నా చేలో తోలండి అందరివీ. ఈ ఒక్క పంట లేకపోతే నాకేం జరగకపోదు."

ఈ మాట తర్వాత చాలామంది నోట విన్నాను. ప్రతివాళ్ళూ ఒకేలా చెప్పారు. అంతకన్నా మంచి మాట ఆ ఊళ్ళో ఆ ఏడు ఇంకెవరూ అనలేదు. పెద్దాయన చెప్పాక ఆలోచించేదేముంది? కట్లు విప్పారు.

నేను ఆసుపత్రిలో ఒక మేకకు కట్టు కడుతున్నాను. ఆ పల్లె మనిషి ఒకడు సైకిలు తొక్కుకుంటూ వచ్చి, దిగకుండానే అరిచాడు.

"సారూ, గొడ్లు పడిపోతుండాయి! జొన్న చేలో!"

బీరువా తీశాను. దానికి పనికొచ్చే మందు సోడియం థయోసల్ఫేట్. లేదని నాకు తెలుసు, అయినా తీశాను. పంపమని పైకి ఇండెంట్ పెట్టి ఎంతో కాలమైంది. విత్తనాల సారు పక్క ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏం కావాలి డాక్టరూ? ఆత్మకూరు పోయి తెస్తాను, మోటారుసైకిలు ఉంది."

"ఆత్మకూరు పోయి వచ్చేలోగా ఒక్కటీ మిగలదు. సోడియం థయోసల్ఫేట్ కావాలి, ఇప్పుడే కావాలి."

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. "హైపో అంటారు, అదేనా? ఫోటోలు కడిగేది?"

అదే. నేను చదువుకున్నది పశువుల మందుగా, ఆయన చూసింది స్టూడియో చీకటిగదిలో. రెండూ ఒకటేనని నాకు ఆ నిమిషందాకా తట్టలేదు.

స్టూడియో సాయిబుగారు పెద్దమనిషి, నెమ్మదైనవాడు. సంగతి సగం వినగానే లోపలికి పోయి తెల్లటి పలుకుల సంచి ఒకటి, విప్పని పొట్లాలు కొన్ని తెచ్చి బల్లమీద పెట్టాడు. ట్రేలో కలిపి ఉన్న నీళ్ళు కూడా తీసుకుందామని సారు చెయ్యి పెడితే ఆపాడు.

"అవి వద్దు సాబ్, వాడిన నీళ్ళు. అందులో వెండి దిగుంటాది. గొడ్లకు మంచిది కాదు. ఇవే తీసుకుపోండి." పొట్లాలు సంచిలో వేస్తూ అన్నాడు, "మీ రీలు కడగడానికి పెట్టుకున్నది కూడా ఇందులోనే ఉండాది."

ఆ రీల్లో సారు జిల్లా ఆఫీసుకు పంపాల్సిన పొట్టిజొన్న ఫోటోలున్నాయి. ఆయన అప్పటికే సంచి భుజాన వేసుకుని బయటికి పోతున్నాడు.

మేం పోయేసరికి చేను గట్టున అయిదారు గొడ్లు అప్పటికే పోయాయి. కొన్ని కాళ్ళు బారజాపి రొప్పుతున్నాయి. కొన్ని నిలబడే తూలుతున్నాయి, నోటివెంట నురుగు. కనురెప్ప తిప్పి చూస్తే లోపల ఎర్రగా నిప్పులాగా ఉంది. ఆడవాళ్ళు ఇళ్ళలో ఉన్న బెల్లం అంతా తెచ్చి కుండల్లో కలిపి పోస్తున్నారు. మంచి పనే, అది కొంత ఆపింది. ఒకడు హైపో నీళ్ళలో కలపడం, ఇద్దరు తల ఎత్తి పట్టుకోవడం, నేను వెదురుగొట్టంతో గొంతులో పోయడం. విత్తనాల సారు చొక్కా విప్పేసి ఒక్కో గొడ్డు తల భుజం మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఆ పెద్ద గొంతు ఆ రోజు ఎక్కడా వినబడలేదు.

మందు కొంచెం, గొడ్లు ఎక్కువ. ముందు దేనికి పోయాలన్నది నేనే చెప్పాలి. లేచే ఆశ ఉన్నవాటికి పోయాలి, పడిపోయి కళ్ళు తేలేసినదాన్ని దాటిపోవాలి. దాటిపోయేటప్పుడు దాని పక్కన మనిషి ఉంటాడు. ఆ మనిషి నన్ను చూస్తాడు. కాలేజీలో నేర్పనిది ఇదొక్కటే.

పెద్దాయన రెండు జతలూ ఆ చేలోనే ఉన్నాయి. ఆ చుట్టుపక్కల అంత మేలైన ఎద్దులు లేవు. నేను వాటివైపు అడుగు వేశాను. అవి ఇంకా నిలబడే ఉన్నాయి, పోస్తే దక్కేవి. ఆయన నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. నల్లద్దాలు ఎక్కడో పడిపోయాయి, కన్ను ఎర్రబడి కారుతోంది.

"నావి వదిలెయ్ సారూ. వాళ్ళవి చూడు. నేనే గదా తోలమన్నది."

వాదించే సమయం లేదు. వాళ్ళవి చూశాను. అందరివీ అయ్యాక సంచి అడుగున మిగిలింది గీకి ఆయన ఎద్దుల్లో ఒకదానికి పోశాను. అదొక్కటే దక్కింది. ఆమె జతలో ఒకటి మా కళ్ళముందే లేచి నిలబడి ఒళ్ళు విదిలించింది. రెండోది మేం రాకముందే పోయింది. ఆమె దాని కొమ్ములకు కట్టిన తాడు విప్పి, చుట్టచుట్టి చంకలో పెట్టుకుని, బతికినదాన్ని తోలుకుని ఇంటికి పోయింది. ఏడవలేదు.

దక్కినవే ఎక్కువని పై ఆఫీసులో మెచ్చుకున్నారు. ఊళ్ళో ఆ లెక్క ఎవరూ వేయలేదు. పెద్దాయన్ని ఎవరూ ఒక్క మాటా అనలేదు. అనకపోవడం ఆయనకు ఇంకా కష్టమైందనుకుంటాను. తలుపు వేసుకుని కూర్చున్నాడు. అరుగు ఖాళీ.

విత్తనాల సారు మా ఇంట్లో రెండుమూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ఒక సాయంత్రం నన్ను అడిగాడు, "డాక్టరూ, నేను ఇచ్చిన విత్తనం మంచిదా చెడ్డదా?"

"గింజకు మంచిది" అన్నాను.

"సగం జవాబు చెప్పకు."

"మనిషికి పెట్టింది, గొడ్డుకు పెట్టలేదు. చొప్ప ఉంటే ఆ గొడ్లు అంత ఆకలి మీద ఉండేవి కావు. అంత ఆకలి లేకపోతే పెద్దాయన ఆ మాట అనేవాడు కాదు."

మర్నాడు మోటారుసైకిలు వేసుకుని ఎటో పోయాడు. సీతారామపురం అవతల మెట్ట ఊళ్ళన్నీ తిరిగి, నాటు జొన్న విత్తనానికి దాచుకున్నవాళ్ళను పట్టుకుని, బతిమాలి, గోతాలకొద్దీ కంకులు తెచ్చాడు. మా వరండాలో చాప పరిచి కూర్చుని ఏరాడు. గింజ నిండుగా ఉన్నవి, పురుగు తాకనివి, ఒక్క రకంగా పండినవి పక్కన పెట్టాడు. దేని కాడ ఎంత లావుందో, ఎంత ఎత్తు పెరిగిందో ఆ రైతులను అడిగి గుర్తుపెట్టుకుని వచ్చాడు. అంతకుముందు కంకి తప్ప ఏదీ చూడనివాడు. ఈ సంగతి జిల్లా ఆఫీసరుకు తెలిసి పిలిపించాడు. హైబ్రిడ్ అమ్మాల్సినవాడివి నాటు విత్తనం మోస్తున్నావేమిటని అడిగాడంట. "ఈ ఒక్క ఊరికి మాత్రం నన్ను వదిలేయండి సార్. మాగాణి దగ్గర, నీళ్ళున్న దగ్గర మీరు చెప్పినంత అమ్ముతాను" అన్నాడంట. అన్నమాట ప్రకారం అమ్మాడు కూడా. ఆ తర్వాత ఏడాదికే ఆయన్ని ఆత్మకూరుకు మార్చారు. శిక్షో కాదో చెప్పలేం. మా శాఖల్లో రెండూ ఒకే కాగితం మీద వస్తాయి.

సారు కంకులు ఏరేలోగా వానలు మళ్ళీ మొదలయ్యాయి. నాటు జొన్న వేసే అదను. విత్తనం ఉంది, తడి ఉంది, ఆ విషపు పిలకలను దున్నేసి కొత్తగా వేయడానికి జతలు లేవు. చాలా ఇళ్ళలో ఒంటి ఎద్దులే మిగిలాయి. నేను గొడ్లను చూడటానికి పోయిన రోజు ఆమె తన ఎద్దును తోలుకుని పెద్దాయన ఇంటికి పోతోంది. వెనకే పోయాను. ఆమె దాన్ని తెచ్చి ఆయన ఎద్దు పక్కన కట్టేసింది. తలుపు తట్టింది.

"మామా, నీదొకటి నాదొకటి. గొర్రు కట్టాల, బయటికి రా."

మళ్ళీ తట్టింది.

"తడి ఆరిపోతే మళ్ళా యాడ తెస్తావు? రా మామా."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మనిషి సగమయ్యాడు. "నా మొహం చూడబుద్ధవుతాదా అమ్మాయా నీకు?" అన్నాడు.

"మొహం నాకెందుకు? ఎద్దు కావాల" అంది.

పెద్దాయన ఎద్దు ఎత్తు, ఆమెది పొట్టి. కాడి ఒకవైపు ఒరిగింది. విత్తనం వేసే గొర్రు సాళ్ళు వంకర పోయాయి. అయినా ఆయన తోలుతుంటే ఆమె గొర్రు వెంట నడుస్తూ పిడికిళ్ళతో విత్తనం వేసింది. ముందు ఆమె చేను, తర్వాత ఆయనది, తర్వాత అడిగినవాళ్ళందరివీ. అది చూసి మిగతా ఒంటి ఎద్దులవాళ్ళు కూడా జతలు కలుపుకున్నారు. సారు గట్టున నిలబడి, వాళ్ళు చెప్పిన చోటికి గోతం మోశాడు.

పైరు మనిషిని మించి ఎదిగింది. గింజ ముందటి ఏడంత రాలేదు. చొప్ప మాత్రం కట్టలు కట్టలుగా వచ్చింది. కోత అయ్యాక నాకు కబురొచ్చింది, మందుల సంచి తీసుకుని తప్పకుండా రమ్మని. ఏ గొడ్డుకు ఏమైందో అని గాబరాగా పోయాను. ఏమీ కాలేదు. జొన్న చొప్ప వేయడానికి ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలడం లేదు. కోసిన చొప్ప కోసినట్టే ఉంది, గొడ్లు తాళ్ళు తెంచుకుంటున్నాయి. పండి ఎండిన చొప్పలో ఏమీ ఉండదని చెప్పాను. తలలు ఊపారు, ఎవరూ కదల్లేదు.

ఆ ఎద్దుల జత పెద్దాయన ఇంటిముందు కట్టేసి ఉంది. ఆమె ఒక కట్ట విప్పి, చొప్ప చేతినిండా తీసుకుని పెద్దాయనకు అందించింది. ఆయన వెనక్కి జరిగాడు.

"నా చేత్తో వద్దమ్మాయా. ఇంకెవరన్నా పెట్టండి."

"నీ చేత్తోనే పెట్టాల."

"ఒకసారి పెట్టి చూసినా గదా..."

"అందుకే అంటుండా. నువ్వు పెట్టకపోతే ఈ ఊళ్ళో ఎవరూ పెట్టరు. ఎన్నాళ్ళు కట్టేసి ఉంచేది?"

ఆయన చొప్ప తీసుకుని ముందు తన ఎద్దు వైపు తిరిగాడు. ఆమె ఆయన భుజం పట్టుకుని తన ఎద్దు వైపు తిప్పింది. అది ఆయన మొహం చూడలేదు, చేతిలోది లాక్కుని నమలడం మొదలుపెట్టింది. ఆయన దాని ముందే నేలమీద కూలబడి, దాని డొక్క కదలడమే చూస్తూ కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ నిలబడింది. నేను సంచి మూత తెరిచి పెట్టుకుని రాతిమీద కూర్చున్నాను.

నీడ మా కాళ్ళకిందకు వచ్చింది. ఎద్దు ఆ కట్ట ముగించి, పడుకుని, కళ్ళు అరమూసి నెమరు వేసుకోసాగింది. ఒకరొకరుగా జనం వెళ్ళిపోయారు. కాసేపటికి ఊళ్ళో అన్ని వైపులనుంచీ చొప్ప విరుస్తున్న చప్పుడు వినబడింది. పెద్దాయన తల ఎత్తి ఆ చప్పుడు విన్నాడు. తర్వాత లేచి, పంచె దులుపుకుని, రెండో కట్ట విప్పి తన ఎద్దు ముందు వేశాడు.

"డాక్టరుగారికి పని లేకపోయింది" అంది ఆమె. "మజ్జిగన్నా ఇయ్యి మామా."

ఆయన లోపలికి పోయి చెంబుతో తెచ్చాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను పిలిపించి, ఏ పనీ చేయించకుండా పంపిన ఊరు అదొక్కటే. చెంబు ఖాళీ చేసి ఆయనకిచ్చి, సంచి మూసుకుని ఉదయగిరి బస్సెక్కాను.